పదకొండో రోజు లెక్క నమ్మి మా బంగారిని ఏడిపించాను

నిన్న మా కుక్క బంగారికి స్కానింగ్ అయింది. డాక్టర్ గారు స్క్రీన్ మా వైపు తిప్పారు. నల్లటి గుండ్రాల్లో చిన్న చిన్న గుండెలు టపటపా కొట్టుకుంటున్నాయి. అమ్మ అక్కడే కళ్లు తుడుచుకుంది. నెల కింద ఇదే బంగారిని ఆటోలో ఒళ్లో పెట్టుకుని ఏడ్చుకుంటూ ఇంటికి తెచ్చాను. ఆ సంగతి రాసేదాకా నాకు మనసున పట్టదు.

బంగారి మా లాబ్రడార్, రెండున్నరేళ్లది. 18 నెలలు నిండని ఆడకుక్కను క్రాసింగ్‌కు పెట్టకూడదని కేంద్రం 2017లో తెచ్చిన కుక్కల బ్రీడింగ్ రూల్స్‌లో ఉంది. మేం ఇంకో ఏడాది ఆగాం. హిప్ ఎక్స్‌రే, టీకాలు, నట్టల మందు, బ్రూసెల్లా అనే అంటుజబ్బు టెస్ట్ అన్నీ హీట్‌కు, అంటే ఎదకు రాకముందే అయిపోయాయి.

మగకుక్క హనుమకొండలోనే దొరికింది. కేసీఐ (కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా) జాతి కాగితాలున్నాయి, చూడటానికి బలంగా ఉంది. ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చాం. బ్రూసెల్లా రిపోర్ట్ ఉందా అని అడిగితే ఆ ఓనర్‌కు కోపమొచ్చింది. "మా కుక్కకు రోగమా? గిన్నేండ్ల సంది ఎవ్వరు అడగలే" అన్నాడు. మేటింగ్‌లో అంటుకుని కడుపులోనే పిల్లల్ని పోగొట్టే జబ్బది, మనుషులకూ రావచ్చు. ఆ మాట విన్నప్పుడే వెనక్కి తిరగాల్సింది. పెద్దమనిషి కదా అని ఊరుకున్నాను.

"రక్తం కనవడ్డ కాన్నుంచి పదకొండో రోజు తీస్కరాండ్రి, గంతే" అన్నాడు. సరిగ్గా పదకొండో రోజు పొద్దున్నే తమ్ముడూ నేనూ తీసుకెళ్లాం. గేటు దగ్గరే నన్ను ఆపేశాడు. "అమ్మా, ఆడోళ్లు లోపల కూసోండ్రి. గిది మీరు చూసేది కాదు. తమ్మీ, నువ్వు రా." రోజులు లెక్క పెట్టింది నేను, రాత్రులు లేచి చూసింది నేను, దాని ఒళ్లు తెలిసింది నాకు. అయినా వాళ్లావిడ ఇచ్చిన చాయ్ పట్టుకుని ముందు గదిలో కూర్చున్నాను. వెనక నుంచి బంగారి మూలుగు వినబడుతోంది. తర్వాత ఒక్కసారిగా అరిచింది. దాని నోట అట్లాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు.

కప్పు అక్కడే పెట్టి పరుగెత్తాను. మూతికి గుడ్డపేలిక కట్టి, ముగ్గురు మగవాళ్లు అదిమి పట్టుకున్నారు. తోక కడుపు కిందికి ముడుచుకుపోయింది. షాబాదు బండల మీద దాని గోళ్ల గీతలు, ఒక గోరు విరిగి రక్తం చుక్కలు. తమ్ముడు గోడకు ఆనుకుని తల దించుకుని నిలబడ్డాడు. నేను వెళ్లి ముడి విప్పేశాను. "పిల్ల లెక్క గారాబం జేస్తే గిట్లనే ఐతది. మీది దేనికి పనికిరాదు" అన్నాడు అందరి ముందు. అడ్వాన్స్ అడిగితే "మా కుక్క తయారుగనే ఉండె, మీదే ఒప్పుకోలే" అన్నాడు. ఐదు వేలు పోయాయి. డబ్బు పోయినందుకు కాదు, లోపల కూర్చోమనగానే కూర్చున్నందుకు నా మీద నాకే ఇప్పటికీ కోపం.

మర్నాడు వెటర్నరీ డాక్టర్ స్మియర్ (యోని స్రావం నమూనా) తీసి, రక్తం ల్యాబ్‌కు పంపారు. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ 1.8 నానోగ్రాములే ఉంది. అంటే గుడ్డు ఇంకా విడుదలే కాలేదు. ఒప్పుకోకపోవడంలో బంగారి తప్పేముంది? పద్నాలుగో రోజు మళ్లీ చేస్తే 5.6. అప్పుడు విడుదలైనట్టు. కుక్కల్లో గుడ్డు విడుదలయ్యాక పక్వానికి రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుందట, అందుకే పదహారో రోజు, పద్దెనిమిదో రోజు వెళ్లమన్నారు. ఒక్కో కుక్కకు ఒక్కో లెక్క. తేదీలు చెప్పి పంపేవాళ్లను నమ్మకండి, రక్త పరీక్ష చేయించండి. రిపోర్ట్‌లో యూనిట్ కూడా చూసుకోండి. నానోగ్రాముల్లో 5 ఉండేది నానోమోల్స్‌లో ఇస్తే 16 దాకా కనబడుతుంది.

రెండో మగకుక్క హుజూరాబాద్ వైపు, ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో. ఆయన ఫోన్‌లో అడిగిన మొదటి మాటే "మీ దానికి బ్రూసెల్లా చేయించిండ్రా అమ్మా?" తన కుక్క రిపోర్ట్ ఆయనే ముందు పంపించారు. వెళ్లగానే రెండింటినీ పెరట్లో అరగంట ఆడుకోనిచ్చారు. "నువ్వే తల దగ్గర కూసో బిడ్డా, నీ చెయ్యి తాకితే దానికి ధైర్యం" అన్నారు. బంగారి తనంతట తనే నిలబడి తోక పక్కకు తిప్పింది. పద్దెనిమిది నిమిషాలు టై, అంటే రెండూ విడివడకుండా అతుక్కుని ఉన్నాయి. వెనక్కి వెనక్కి తిరిగి నిలబడ్డ ఆ రెండింటినీ ఎవరూ లాగలేదు, లాగితే రెండింటికీ గాయమవుతుంది. బంగారి నా అరచెయ్యి నాకుతూనే ఉంది.

ఫీజు బదులు ఒక పిల్లను, ఆయన ఎంచుకున్నదాన్ని ఇవ్వాలి. పిల్లలు పుట్టకపోతే వచ్చే హీట్‌కు ఉచితంగా మేటింగ్ అని కూడా కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. నోటిమాట మీద వెళ్లి నేను పోగొట్టుకున్నది చాలు.

గుడ్డు విడుదలైన రోజు నుంచి 63 రోజులట. ఇంకా 32 ఉన్నాయి. ఎన్ని పిల్లలో 55 రోజులు దాటాక ఎక్స్‌రేలో చూద్దామన్నారు. కాజీపేటలో వడ్రంగికి కాన్పు కోసం నాలుగడుగుల పెట్టె చెప్పి వచ్చాను. లోపల చుట్టూ కర్రపట్టీ కొట్టమన్నాను, బంగారి గోడకు ఆనుకుని పడుకున్నా వెనక పిల్ల నలగకుండా.