కొండగుడికి అత్తమ్మతో

విశాఖపట్నం వన్ టౌన్‌లో కొండ మీదున్న మరియమ్మ గుడిని కొండగుడి అంటారు. దాని పండుగ డిసెంబర్ 8న, నిష్కళంక మాత పండుగ రోజు. ఆ రోజు వన్ టౌన్‌లో ఇసుక వేస్తే రాలదు. మా అత్తమ్మ మాత్రం పండుగనాడు వెళ్ళరు. జనం పలచబడ్డాక, ఆ తర్వాతి వారంలో ఏదో ఒక మామూలు రోజు చూసుకుని బయలుదేరతారు. ఎందుకని పెళ్ళైన కొత్తలో అడిగితే, "పండగనాడు అందరూ అడగడానికొస్తారమ్మా. ఆ గోలలో నా దండం ఎవులికి వినబడతాది?" అన్నారు.

నేను బాప్టిస్టుల ఇంటి పిల్లని. అత్తగారిది ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులు. మా పుట్టింట్లో మరియమ్మ అంటే క్రిస్మస్ నాటకంలో నీలం చీర కట్టుకునే అమ్మాయి, అంతే. డిసెంబర్ అయిపోతే ఆ చీర బీరువాలోకి వెళ్ళిపోయేది. అలాంటిది ఈసారి అత్తమ్మకి మోకాళ్ళ నొప్పి, మా ఆయనకి సెలవు లేదు, తోడు వెళ్ళే వంతు నాకొచ్చింది. తీర్థయాత్ర అన్న మాట మా సంఘంలో వాడం కాబట్టి, "అత్తమ్మని వైజాగ్ తీసుకెళ్తున్నాను" అని మాత్రమే అమ్మకి చెప్పాను.

అత్తమ్మ మొక్కు కథ మా ఇంట్లో అందరికీ తెలిసిందే. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజు. అప్పటికి మా పెళ్ళి కాలేదు. మా ఆయన వన్ టౌన్‌లో గది అద్దెకు తీసుకుని పోర్టులో కాంట్రాక్టు పని చేసుకుంటున్నాడు. అత్తమ్మ వాళ్ళుండే విజయనగరంలోనూ చెట్లు పడిపోయాయి, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. కొడుకు ఉన్నాడో లేడో తెలీదు. అప్పుడు అత్తమ్మ మొక్కుకున్నారు: ఆడు ఇంటికొస్తే కొండగుడి మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతానని. ఆయన ఒక లారీ ఎక్కి, గడ్డం మాసిపోయి, ఆకలితో గుమ్మంలోకి వచ్చాడు. ఆ డిసెంబర్‌లోనే మొక్కు తీరిపోయింది.

తీరిపోయిన మొక్కుకి ఏటేటా వెళ్ళడమేంటని రైల్లో అడిగాను. అత్తమ్మ కిటికీలోంచి చూపు తిప్పకుండానే, "ఆడు రోజూ ఇంటికొస్తన్నాడు కదమ్మా" అన్నారు.

నాకు వెంటనే మాట తోచలేదు. రోజూ సాయంత్రం ఆయన వచ్చి చెప్పులు గుమ్మం మధ్యలో విడిచేస్తే నేను విసుక్కుంటాను. ఈవిడ లెక్కలో అది ప్రతిరోజూ జరిగే అద్భుతమట.

విశాఖ స్టేషన్లో జ్ఞానాపురం వైపు దిగాం. ముందు సెయింట్ పీటర్స్ కథెడ్రల్‌లో పొద్దున్న పూజ చూసుకుని, ఆ తర్వాతే కొండ ఎక్కాలని అత్తమ్మ పట్టు. క్రిస్మస్‌కి ముందొచ్చే ఆగమన కాలం కాబట్టి ఫాదర్ గారు ఊదా రంగు వస్త్రాల్లో ఉన్నారు. మామూలు రోజు కదా, జనం కొద్దిమందే. స్కూలు యూనిఫాంలో ఇద్దరు పిల్లలు, డ్యూటీకి వెళ్తూ ఆగిన ఒకాయన, మిగతా అంతా అత్తమ్మ వయసు ఆడవాళ్ళే. దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే పవిత్రమైన రొట్టె, తీసుకునే వేళకి అందరూ వరసలో కదిలితే నేను బెంచీ మీదే ఉండిపోయాను. వాళ్ళ పద్ధతిలో నేను తీసుకోకూడదు. అందులో నొచ్చుకోవడానికేమీ లేదు. ఖాళీగా కూర్చోవడం వల్ల తిరిగొస్తున్నవాళ్ళ మొహాలు తీరిగ్గా చూసే వీలు దొరికింది. అడుక్కోవడానికి వెళ్ళినవాళ్ళ మొహాలు వేరేగా ఉంటాయి. ఆదివారాలు మా సంఘంలో నేను వాటిని బాగానే చూస్తుంటాను.

సంఘం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మా పాస్టరు గారు ఆరాధన ముందు చీటీలు తీసుకుంటారు. ప్రార్థన మనవుల చీటీలు ఒక కట్ట అవుతాయి. ఉద్యోగం, పెళ్ళి సంబంధం, అప్పు, వీసా, ఆపరేషన్. స్తుతి సాక్ష్యాల చీటీలు రెండో మూడో వస్తాయి, అందులో ఒకటి ఎప్పుడూ ఒకే పెద్దాయనది. మేమేమీ కృతజ్ఞత లేనివాళ్ళం కాదు. కోత పండుగకి గుమ్మడికాయలు, బియ్యం బస్తాలు తెచ్చి వేలంలో పోటీపడి పాడతాం. బిడ్డ పుడితే, ఇల్లు కడితే కృతజ్ఞత కూటం పెట్టి ఊరందరికీ బిరియానీ పెడతాం. కానీ కూటం పెట్టాలంటే పెద్ద సంగతి ఏదో జరగాలి. మోకాలు ఇవాళ కూడా మడత పడిందని ఎవరూ షామియానా వెయ్యరు.

పూజయ్యాక ఆటోలో కాన్వెంట్ జంక్షన్ మీదుగా వన్ టౌన్ చేరాం. దారిలో కొవ్వొత్తులు కొన్నాం. అత్తమ్మ లెక్కపెట్టి మరీ తీసుకున్నారు, తర్వాత వెనక్కి వెళ్ళి ఇంకొకటి కొన్నారు.

కొండగుడి ఉన్న కొండ పేరు రాస్ హిల్. 1864లో రాస్ అనే దొర ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడని, ఆ ఇల్లే తర్వాత గుడి అయిందని చెబుతారు. పక్కనే ఇంకో రెండు కొండలు. ఒకదాని మీద ఇషాక్ మదీనా బాబా దర్గా, ఇంకోదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. దర్గా ఎదురుగా వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఓడలు జెండా దించి ఎత్తి సలాం చేసేవని పాత రోజుల మాట ఒకటి ఉంది. నాకు ఆ మాట భలే నచ్చింది. రేవులోకి వచ్చేటప్పుడు సలాం చేశారంటే భయం అనుకోవచ్చు. పని ముగించుకుని వెళ్ళిపోతూ కూడా చేశారంటే అది వేరే సంగతి.

మెట్ల మీద అత్తమ్మ రెండు మూడు చోట్ల ఆగారు. మోకాళ్ళ మీద ఎక్కే రోజులు పోయాయి. ఒకచోట నేను ఫోను తీసి ఏదో చూసుకుంటుంటే, "ఏటమ్మా, అలాగ నిలబడిపోనావు? నడు నడు" అని నన్నే తొందరపెట్టారు, ఆయాసపడుతోంది తనైతే.

గుడిలో ఆవిడ ప్రార్థన నా చెవిన పడింది. చాటుగా విన్నదేం కాదు, అత్తమ్మకి గుసగుస చేతకాదు. మోకాలు ఇంకా మడత పడతంది. ఈ యేడు కోతులు పెంకులు పీకలేదు. చిన్నదాని జ్వరం తగ్గింది. పెద్దోడు ఇంటికొస్తన్నాడు. కోడలు మంచిదే, కోపమే కొంచెం ఎక్కువ. అలా ఒక్కొక్కటీ అప్పజెప్పారు. ఒక్కటంటే ఒక్కటీ అడగలేదు. చివర్లో ఏమైనా అడుగుతారేమోనని నేను చూశాను కూడా. సిలువ గుర్తు వేసుకుని లేచిపోయారు.

బయట గోడ నీడలో కూర్చున్నాం. కింద ఓడలు వచ్చే కాలువ, దానికి అవతల డాల్ఫిన్ నోస్ కొండ, కొండ మీద లైట్‌హౌస్. ఒక పెద్ద ఓడ లోపలి రేవు వైపు చాలా నెమ్మదిగా పోతోంది. 1933లో ఈ పోర్టు తెరిచారు. అంతకుముందు ఇక్కడ ఓడలు సముద్రంలోనే ఆగితే సరుకు పడవల్లో ఒడ్డుకి చేర్చేవారట.

"నీ బైబిలు తెచ్చినావా? పది మంది కుష్ఠురోగుల కథ చదువు" అన్నారు అత్తమ్మ. ఆవిడకి సన్నక్షరాలు కనబడవు. లూకా సువార్త పదిహేడో అధ్యాయం తీశాను. ఈ కథ చిన్నప్పుడు సండేస్కూల్లో బొమ్మలతో సహా చెప్పారు, యేసు బాగుచేసిన పది మందిలో తిరిగి రాని తొమ్మిది మంది చెడ్డవాళ్ళు, కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చిన ఒకడు మంచివాడు అని. ఆ రోజు గట్టిగా పైకి చదువుతుంటే ఆ లెక్క కుదరలేదు. యాజకులకు కనబరచుకోండి అని యేసు చెప్పాడు, తొమ్మిది మందీ చెప్పిన పనే చేశారు. పైగా బయలుదేరినప్పుడు ఇంకా ఎవరి ఒంటి మీదా రోగం తగ్గలేదు. "వారు వెళ్లుచుండగా శుద్ధులైరి" అని ఉంది. అంటే పుండ్లతోనే నడక మొదలుపెట్టారు. అంతకు మించిన విశ్వాసం ఏం కావాలి? పది మందికీ అది ఉంది. మరి ఆ ఒక్కడికి ఎక్కువగా ఉన్నదేంటి? "తనకు స్వస్థత కలుగుట చూచి" తిరిగొచ్చాడు. చూశాడు. మిగతావాళ్ళు నడుస్తూనే ఉన్నారు, ముందు జరగాల్సిన పని మీదే వాళ్ళ దృష్టి. వీడు ఆగి తన చేతులు చూసుకున్నాడు.

విశ్వాసపు కళ్ళు అని మేం పాటల్లో, ప్రసంగాల్లో అంటుంటాం. ఎప్పుడూ రాబోయే దాని గురించే: ఇంకా రాని జవాబు, ఇంకా తెరుచుకోని తలుపు. వచ్చేసిన దాన్ని చూడ్డానికి కూడా ఆ కళ్ళే కావాలని నాకు ఎవరూ చెప్పలేదు. బహుశా చెప్పినా నేను ప్రార్థన చీటీ రాసుకుంటూ ఉండి ఉంటాను.

అత్తమ్మతో ఇదే అన్నాను. ఆవిడకి ఇందులో కొత్తేమీ కనబడినట్టు లేదు, బైబిలు వైపు చెయ్యి చూపించి, "ఇది మీవాళ్ళ పుస్తకం కదా, ఎవులు రాసినారు తెలుగులో?" అని అడిగారు.

అది ఈ ఊరి కథే. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజెస్ అని ఇద్దరు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర మద్రాసుకి రావడానికి ఇంకా పన్నెండేళ్ళుంది, తర్వాత వచ్చిన నిఘంటువులూ వ్యాకరణాలూ వీళ్ళకి లేవు. భాష నేర్చుకుంటూనే సువార్తలు తెలుగులో పెట్టడం మొదలుపెట్టారు. ఆనందరాయర్ అనే మహారాష్ట్ర బ్రాహ్మణుడు, క్రైస్తవుడైన ఆయన, వాళ్ళతో కూర్చుని సాయం చేశాడు. క్రాన్ 1809లో పోయాడు. డెగ్రాంజెస్ 1810లో. వాళ్ళు పనిచేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు అచ్చయింది 1812లో, బెంగాల్‌లోని సీరాంపూర్‌లో. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ అచ్చు కాగితం చేత్తో ముట్టుకోలేదు. ఇక్కడే వాళ్ళ తర్వాత పనిచేసిన ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వచ్చింది. మొత్తం బైబిలు తెలుగువాళ్ళ చేతికి వచ్చేసరికి ఆ శతాబ్దం సగం దాటింది.

హెబ్రీయులకు రాసిన పత్రికలో పదకొండో అధ్యాయంలో, వాగ్దానం చేతికందకుండానే చనిపోయినవాళ్ళు దాన్ని "దూరమునుండి చూచి వందనముచేసి" వెళ్ళారని ఉంటుంది. అబ్రాహాము వాళ్ళ గురించి రాసిన మాట అది. కొండ కింద ఈ పాత ఊళ్ళో ఎక్కడో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్న ఆ ఇద్దరూ కూడా చూసింది దూరం నుంచే. వాళ్ళకి దూరంగా కనబడింది నా బ్యాగులో, వాటర్ బాటిల్ పక్కన, అట్ట మడతపడి వచ్చింది. మూడు సువార్తల్లో ఒకటి లూకా. ఇప్పుడే చదివింది అదే.

అత్తమ్మ కాసేపు నా చేతిలో పుస్తకాన్నే చూశారు. "పాపం, కుర్రాళ్ళేనా?" అన్నారు. అవునన్నాను. ఆవిడ లేచి, లోపలికి వెళ్ళి, ఆ అదనపు కొవ్వొత్తి ఒత్తి సరిచేసుకుంటూ నిలబడ్డారు. అది ఆ దొరల కోసమేమో అనుకుని అడిగాను. కాదట.

"తుఫానులో రాని పిల్లలకి. ఆళ్ళ అమ్మలకి."

నాకు రైల్లోంచీ మనసులో ఉన్న ప్రశ్న అదే. మన ఇంటికి వచ్చాడని దండం చెబుతున్నాం, రానివాళ్ళ ఇళ్ళ సంగతేంటి? వాళ్ళేం చూడాలి, ఏ కళ్ళతో చూడాలి? అడిగేశాను కూడా, కొంచెం దురుసుగానే. అత్తమ్మ కొవ్వొత్తి వెలిగించి మైనం చుక్క మీద నిలబెట్టి, "నాకు తెలీదమ్మా. అందుకే ఇది వేరేగా ఎలిగిస్తాను" అన్నారు. మా ప్రసంగాల్లో ఈ ప్రశ్నకి నేను విన్న జవాబులన్నీ దీనికన్నా పొడుగ్గా ఉన్నాయి, ఒక్కటీ దీనంత నిజాయితీగా లేదు.

దిగేటప్పుడు మోకాళ్ళు ఇంకా ఇబ్బంది పెట్టాయి. నా భుజం పట్టుకుని పక్కకి తిరిగి ఒక్కో మెట్టూ దిగారు. కింద టిఫిన్ సెంటర్లో ఇడ్లీ తిన్నాం. సాంబారు చల్లగా ఉందని అత్తమ్మ గొడవపెట్టుకుని వేడిది పోయించుకున్నారు. దండం చెప్పే మనిషి కదా అని ఈవిడ అన్నిటికీ తలూపుతారని ఎవరైనా అనుకుంటే పొరపాటు.

తిరుగు రైల్లో కొత్తవలసలో ఒకావిడ ఎక్కి మా పక్కన కూర్చుంది. ఎక్కడి నుంచి వస్తున్నారంటే అత్తమ్మ మొదలుపెట్టారు. కొండగుడి, హుద్‌హుద్, పెద్దోడు, ఆ తర్వాత ఇద్దరు దొరలు. అలమండ వచ్చేసరికి దొరలు ఇద్దరూ అన్నదమ్ములైపోయారు. కోరుకొండ దాటేసరికి కొండగుడి మాతే వాళ్ళకి కలలో కనబడి తెలుగు నేర్పింది. వాళ్ళు ప్రొటెస్టెంట్లని, వాళ్ళు పోయి యాభై ఏళ్ళయ్యాక గానీ ఆ కొండ మీద గుడే లేదని నాకు నోటిదాకా వచ్చింది. ఆ కొత్తావిడ మాత్రం, "అయితే మనం సదువుకునే బైబిలు ఆళ్ళు పెట్టిందేనా? మనకి తెలీనే లేదు" అని రెండు చేతులూ జోడించింది. నేను బ్యాగు తీసి లూకా సువార్త ఎక్కడుందో ఆవిడకి చూపించాను. విజయనగరం వచ్చేసింది, అత్తమ్మ అప్పటికే లేచి గుమ్మం దగ్గర నిలబడి, రండి రండి అని కేకేస్తున్నారు.