ఆ రెండు మార్కులు నావి

పదకొండున్నర దాటింది. బెంగళూరు టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానని ఈయన తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారట. ఒకటే వాన, కరెంటు లేదు, కింద జనరేటర్ మోత. రసం రెండుసార్లు వేడి చేశాను, మూడోసారి చేసే ఓపిక లేదు. నిద్ర పట్టకపోవడానికి మాత్రం ఇవేవీ కారణం కాదు. చిన్నదాని స్టాటిస్టిక్స్ పేపరు.

పదికి ఎనిమిది వచ్చాయి. ఎనిమిదంటే మంచివేగా అని మీరంటారు, మా అత్తగారూ అదే అన్నారు. కానీ పోయిన రెండూ నా వల్ల పోయాయి.

లెక్క ఇది. ఊళ్లో 60 శాతం ఇళ్లలో తమ సబ్బే వాడతారని ఒక కంపెనీ అంటోంది. 100 ఇళ్లు అడిగితే 54 ఇళ్లవాళ్లు అవునన్నారు. కంపెనీ మాట నిలుస్తుందా, 5 శాతం స్థాయిలో (అంటే మాట నిజమైనా పొరపాటున కొట్టేసే అవకాశం నూటికి ఐదు మించకుండా) పరీక్షించండి. పిల్ల అన్నీ శుభ్రంగా చేసింది. జెడ్ విలువ, అంటే వచ్చిన అంకె కంపెనీ చెప్పినదానికి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత, మైనస్ 1.22 వచ్చింది. అటు ఇటు 1.96 గీత దాటితేనే కంపెనీ మాట కొట్టేయాలి, దాటలేదు. చివర్లో 'నల్ హైపోథెసిస్ యాక్సెప్టెడ్' (మొదట నిజమనుకున్న కంపెనీ మాటని ఒప్పుకున్నాం) అని రాసి కింద రెండు గీతలు కూడా గీసింది. మేడమ్ ఆ ఒక్క మాటని ఎర్రపెన్నుతో కొట్టేసి, 'ఫెయిల్డ్ టు రిజెక్ట్' (కాదనలేకపోయాం) అని రాసి రెండు మార్కులు కోసేశారు.

పరీక్ష ముందు రాత్రి ఆ వాక్యం చెప్పింది నేనే. "చివర్లో యాక్సెప్టెడ్ అని రాయడం మర్చిపోకు, దానికీ మార్కులుంటాయి" అని మరీ చెప్పాను.

మా డిగ్రీలో అలాగే రాశాం మరి. మూడేళ్లూ ప్రతి లెక్క కిందా యాక్సెప్టెడ్ అనో రిజెక్టెడ్ అనో రాసి, స్కేలు పెట్టి చుట్టూ డబ్బా గీసేవాళ్లం. సారు అలాగే చెప్పారు, పేపర్లు దిద్దినవాళ్లు అలాగే మార్కులేశారు. ఇన్నేళ్ల తర్వాత ఈ అమ్మాయెవరో వచ్చి అది తప్పంటే? కాదనలేకపోయాం అంటే అర్థమేంటి, ఒప్పుకున్నట్టేగా! పెళ్లిచూపుల్లో "కాదని అనలేదు" అంటే అవతలివాళ్లు ముహూర్తాలు చూసుకోరూ? సాయంత్రమంతా ఇదే గొణుక్కున్నాను. మేడమ్‌కి వాట్సాప్‌లో పేద్ద మెసేజ్ కూడా టైప్ చేశాను, మర్యాదగానే. "మీరు ఒక మాట పట్టుకుని" అన్న చోట మాత్రం కొంచెం ఘాటు తగిలింది.

అన్నం తింటూ చిన్నది అంది కదా, "అమ్మా, ఆ 54తోనే కంపెనీ 55 శాతం అని ఉంటే? అదీ నిలుస్తుంది. 50 అని ఉన్నా జెడ్ 0.8, అదీ నిలుస్తుంది. మూడింటినీ యాక్సెప్ట్ చేసేస్తావా?" అని. నోట్లో ముద్ద ఉంది కాబట్టి సరిపోయింది. నా దగ్గర జవాబు లేదని దానికీ తెలుసు. చారు పోసుకుని లేచి వెళ్లిపోయింది. మార్కులు పోయింది దానికి, నేనేమో దానితో వాదిస్తున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ జెడ్ లెక్క హారంలో వర్గమూలం కింద 0.54 వేయాలని నేను దానికి చెప్పబోయాను. కాదు, 0.60 వేయాలంది. కంపెనీ మాట నిజమే అనుకుని మొదలుపెట్టాం కాబట్టి, 100 ఇళ్లు అడిగినప్పుడు ఆ అంకె ఎంత అటూ ఇటూ ఊగొచ్చో కూడా ఆ మాట ప్రకారమే చూడాలి. వెతికితే, ఇది స్టాటిస్టిక్స్ పండితుడు సి.ఆర్. రావు గారు 1948లో చెప్పిన స్కోర్ టెస్టు కోవలోదేనట. ఆయన పుట్టింది బళ్లారి వైపు హూవిన హడగలిలో, లెక్కల ఎమ్మే ఆంధ్రా యూనివర్సిటీలో. మనవాళ్లొకరు ఆ వర్గమూలం పక్కనే కూర్చున్నారని రెండు నిమిషాలు సంబరపడ్డాను. తర్వాత మళ్లీ ఎర్రపెన్ను గుర్తొచ్చింది.

గిన్నెలు సర్దుతుంటే, రేపటి చట్నీకి తీసిపెట్టిన శనక్కాయ పప్పులు చూసి మా అబ్బ, అంటే తాత, గుర్తొచ్చాడు.

కదిరి దగ్గర మా ఊళ్లో విత్తనం కొంటే అబ్బ దాన్ని నేరుగా చేలోకి తీసుకెళ్లేవాడు కాదు. ఆ ఏడు తెలిసినాయన దగ్గరే కొన్నాడు. వందకి డెబ్బై మొలుస్తాయని ఆయన మాటిచ్చాడు. (సర్టిఫైడ్ వేరుశనగ విత్తనానికి ఇప్పటికీ కనీసం 70 శాతం మొలక ఉండాలనే లెక్క.) అబ్బ మూటలో పైనా మధ్యనా అడుగునా చేయి పెట్టి గింజలు తీశాడు. తడిపిన గోనెపట్ట మీద పదేసి చొప్పున ఐదు వరసలు పేర్చి, చుట్టచుట్టి, గాదె పక్కన నీడలో పెట్టించాడు. రోజూ దాని మీద నీళ్లు చిలకరించడం నా పని. విప్పి చూడకూడదు. నేను రెండుసార్లు విప్పాను, ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. ఐదారు రోజులకి అందరి ముందూ విప్పాం. లెక్కపెట్టింది నేనే. 31. పలక మీద రాసి చూపించాను.

జేజి, మా నాయనమ్మ, అడిగింది, "ఇత్తనం బాగున్నెట్టా, లేనెట్టా?" అని.

"యా సంగతీ తేల్లేదు. ఇంకో యాభై నానెయ్యాల" అన్నాడు అబ్బ.

నాకు భలే కోపమొచ్చింది. ఐదు రోజులు నీళ్లు చల్లి లెక్కపెడితే తేల్లేదంటాడేంటి! ఇందాక కరెంటు పోయిన చీకట్లో ఫోన్ వెలుగులో ఆ లెక్క వేసి చూశాను. 50కి 31 అంటే 62 శాతం. 70తో పోలిస్తే జెడ్ మైనస్ 1.23. తక్కువైందా లేదా అన్నదే ప్రశ్న కాబట్టి ఒకవైపు గీత చాలు, అది మైనస్ 1.645. దాటలేదు. అదే 62 శాతం 100 గింజల మీద వచ్చి ఉంటే మైనస్ 1.75, దాటేది. అబ్బకి జెడ్డూ తెలీదు గిడ్డూ తెలీదు. ఇంకో యాభై కావాలని మాత్రం తెలుసు. 'ఫెయిల్డ్ టు రిజెక్ట్' అన్న ఆ వంకర ఇంగ్లీషుకి మన దగ్గర ఇంత చక్కటి మాట ఉంది. తేల్లేదు. ఆ మాట మా ఇంట్లోనే పుట్టి పెరిగింది, పిల్లకి నేను వేరేది నేర్పాను.

సరే, మేడమ్‌దే కరెక్టు అనుకుని ఫోన్ పక్కన పెట్టబోయాను. కానీ ఇంకో యాభై నానబెట్టడం కుదిరిందా? లేదు. ఆ రాత్రే విత్తడానికి సరిపడా పదును వాన పడింది. తెల్లారేసరికి గొర్రు కట్టాలి. తేల్లేదని చేను ఆగదు కదా. అబ్బ మూట వెనక్కివ్వలేదు, ఆ విత్తనమే కొంచెం ఒత్తుగా వేయించాడు. అది ఒప్పుకున్నట్టు కాదా?

ఈ పేచీ స్టాటిస్టిక్స్‌లో పెద్దవాళ్ల మధ్య కూడా ఉందని ఇందాకే చదివాను. నల్ హైపోథెసిస్ ఎప్పటికీ రుజువు కాదు అని ఫిషర్ 1935లో రాశాడు. నేమన్, పియర్సన్ 1933లోనే ఒప్పుకోవడం, తోసిపుచ్చడం అన్న మాటలు వాడారు. ఒప్పుకోవడమంటే నిజమని నమ్మడం కాదు, అది నిజమైతే ఏం చేస్తామో అలా నడుచుకోవడం అన్న అర్థంలో. అంటే మా సారు మరీ గాలికి చెప్పలేదు. అర్థం చెప్పకుండా మాట ఒక్కటే చెప్పారు. నేనూ అంతే.

మేడమ్‌కి రాసిన మెసేజ్‌లో "మీరు ఒక మాట పట్టుకుని" తీసేశాను. మిగతాది అలాగే ఉంది. పంపలేదు, చెరపలేదు.

గేటు తీసిన చప్పుడు. ఈయనే అయ్యుంటారు. రసం మూడోసారి.