మిషిగన్ ఉత్తరాన అడవుల్లోకి: పాస్ నుంచి బోరింగ్ నీళ్ళ దాకా

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు వేసవిలో ఉత్తరానికి బయల్దేరితే ఎక్కువగా మాకినా ఐలాండ్ చూసి వచ్చేస్తారు. అసలు అడవి ఐదు మైళ్ళ మాకినా బ్రిడ్జి దాటాకే మొదలవుతుంది. ఇక్కడ అందరూ యూపీ అనే అప్పర్ పెనిన్సులా అదే. అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళని తీసుకుని అక్కడి స్టేట్ పార్కులు, స్టేట్ ఫారెస్టులు తిరిగొచ్చాం. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది ఏ అడవి ఎవరిది అన్నది. చూడ్డానికి అంతా ఒకటే పచ్చదనం. కానీ ఒక ముక్క స్టేట్ పార్కు, పక్కది స్టేట్ ఫారెస్టు, ఆ పైది ఫెడరల్ ప్రభుత్వానిది. పాస్, బుకింగ్, టెంట్ ఎక్కడ వేసుకోవచ్చు అన్నవి దాన్నిబట్టే మారిపోతాయి. మిషిగన్ కారైతే ప్లేటు రెన్యువల్‌తో పాటే రిక్రియేషన్ పాస్‌పోర్ట్‌కి కట్టేయొచ్చు, స్టిక్కర్ మీద ‘పి’ అని వస్తుంది. స్టేట్ పార్కుల్లోకి వెళ్ళడానికి అదొక్కటే చాలు. క్యాంపింగ్‌కి మాత్రం వేరే కట్టాలి. లేక్ సుపీరియర్ ఒడ్డున రంగురంగుల రాతి కొండలుండే పిక్చర్డ్ రాక్స్ ఫెడరల్ ప్రభుత్వపు నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉంది కాబట్టి అక్కడ ఈ పాస్ చెల్లదు.

స్టేట్ పార్కుల్లో టెంట్ సైట్లు ఆరు నెలల ముందు, క్యాబిన్లు ఏడాది ముందు బుకింగ్‌కి తెరుస్తారు. పోర్క్యుపైన్ మౌంటెన్స్‌లో క్యాబిన్ మాకు దొరకలేదు. టక్వామెనన్ ఫాల్స్‌లో సైట్ కోసం తెరిచే రోజు పొద్దున్నే కూర్చుంటే దొరికింది. ఆగస్టు చివరి వారాలు ఎంచుకున్నాం. జూన్‌లో అక్కడ దోమలు, నల్ల ఈగలు మనిషిని నిలబడనివ్వవు. ఇంకో మాట, కట్టెలు ఇంటినుంచి పట్టుకెళ్ళొద్దు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అలా కట్టెల్లో దాక్కునే ఊళ్ళు దాటింది, కోట్ల యాష్ చెట్లు చచ్చిపోయాయి. కట్టెలు అక్కడే కొనుక్కోండి.

టక్వామెనన్ పై జలపాతం వెడల్పు 200 అడుగులు, ఎత్తు 50 అడుగుల దాకా. నీళ్ళు చిక్కటి డికాషన్‌లా ఉంటాయి. అమ్మ చూడగానే, “ఇంత మురికి నీళ్ళేమిట్రా!” అంది. కింది జలపాతం దగ్గర నీళ్ళలోకి దిగాక దోసిలి పట్టి చూపించాను. చేతిలో తేటగా, లేత గోధుమరంగులో ఉన్నాయి. ఎగువన సీడార్ చెట్ల చిత్తడి నేలల్లో ఊరిన టానిన్ (ఆకులు, బెరడు నుంచి నీళ్ళలోకి దిగే పదార్థం) వల్ల వచ్చిన రంగు తప్ప మురికి లేదు.

నాకు మటుకు ఈ ప్రయాణంలో బాగా నచ్చింది స్టేట్ ఫారెస్టే. అక్కడి క్యాంపుగ్రౌండ్లలో చాలావాటికి బుకింగ్ ఉండదు, ముందొచ్చిన వాళ్ళదే సైటు. కవర్లో డబ్బు పెట్టి, వివరాలు రాసి, ఇనప గొట్టంలో వేసి, చింపిన ముక్కని సైట్ దగ్గరి గుంజకి తగిలించాలి. కరెంటు లేదు, షవర్ లేదు. నీళ్ళకి చేతి బోరింగ్. నాన్న దాన్ని చూడగానే చొక్కా చేతులు మడిచి, “బిందె పెట్టరా” అన్నారు. కొట్టగా కొట్టగా వచ్చిన నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా, కాస్త ఇనుము రుచితో ఉన్నాయి. ఎలుగుబంట్లు తిరిగే చోటు కాబట్టి ఆవకాయ సీసాతో సహా తిండంతా రాత్రి కారులో పెట్టి తాళం వేశాం.

టూ హార్టెడ్ నది వైపు 2012 మేలో పిడుగు పడి సుమారు 21 వేల ఎకరాలు కాలిపోయాయి. డక్ లేక్ ఫైర్ అంటారు. ఇప్పుడు అక్కడ జాక్ పైన్ మొక్కలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరుగుతున్నాయి. నాన్న ఒక కాయ ఏరి గోటితో విప్పబోయారు. పొలుసులు జిగురుతో బిగుసుకుపోయి రాయిలా ఉంది. మంట వేడికి ఆ జిగురు కరిగితేనే కాయ విచ్చుకుని గింజలు రాలతాయి. ఆ అడవి తిరిగి మొలిచింది నిప్పు వల్లే అని చెబితే చాలాసేపు ఆ కాయని చేతిలోనే తిప్పుతూ ఉండిపోయారు.

అక్కడినుంచి పడమరగా ఐదారు గంటలు వెళ్తే పోర్క్యుపైన్ మౌంటెన్స్. దాదాపు 60 వేల ఎకరాలు, రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద స్టేట్ పార్కు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కలప కోసం గొడ్డళ్ళు దగ్గరికొచ్చేస్తుంటే 1945లో దీన్ని పార్కుగా కాపాడుకున్నారు. అందుకే గొడ్డలి ఎరగని హెమ్లాక్ అడవి ఇక్కడ ఇంకా మిగిలింది. లేక్ ఆఫ్ ద క్లౌడ్స్ చూసే చోటికి కారు దగ్గరదాకా వెళ్తుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి ఇబ్బంది లేదు.

దారిలో ఫోన్ సిగ్నల్ పోతూ ఉంటుంది. మ్యాప్ ముందే దించుకోండి, బంకు కనిపించినప్పుడల్లా ట్యాంక్ నింపుకోండి.

పోర్కీస్‌లో (పోర్క్యుపైన్ మౌంటెన్స్‌కి ముద్దుపేరు) ఆకులు రంగు మారే రోజులకి క్యాబిన్ బుకింగ్ తెరవగానే ఈసారి పట్టేశాను. అమ్మానాన్నల విమానం టికెట్లు ఇక ఆ తేదీల్ని బట్టే తీయాలి.