రైట్ రైట్ తప్ప మాట లేదు

పక్షవాతం అనగానే చెయ్యీ కాలూ పడిపోవడమే అందరికీ గుర్తొస్తుంది. నా కుడి చెయ్యి కాస్త బలహీనపడి మెల్లగా సర్దుకుంది. పడిపోయింది మాట. సికింద్రాబాద్ నుంచి పటాన్‌చెరు రూట్లో ఏళ్ల తరబడి కండక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ని, పొద్దుగూకులూ నోటితోనే నా పని. ఆ నోట్లో మిగిలింది ఒకే ఒక్క మాట, "రైట్". నీళ్లు కావాలన్నా రైటే, బాత్రూంకి పోవాలన్నా రైటే. కోపమొస్తే రైట్ రైట్ రైట్.

నిద్ర లేచేసరికే అలా ఉంది. ఎన్ని గంటలకు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి, నాలుగున్నర గంటల్లోపు ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాకు ఇవ్వలేదు. మెదడు ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయిందని స్కాన్‌లో తేలింది. ఇలా మాట పోవడాన్ని అఫేసియా అంటారని మా అమ్మాయికి రాసిచ్చారు.

చూడ్డానికి వచ్చినవాళ్లు, నాకేదో చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచేవాళ్లు. కొందరైతే నా ముందే మా ఆవిణ్ని "మతి సరిగ్గానే ఉందా?" అని అడిగారు. ఒకరు నెమ్మదిగా చెబితే నాకు అర్థమయ్యేది. నలుగురు ఒకేసారి మొదలుపెడితేనే పట్టు తప్పేది. మా మేనత్త ఊరి నుంచి వస కొమ్ము తెచ్చి, అరగదీసి నాలుక్కి రాసింది. చిన్నప్పుడు వస పోసింది కూడా ఆవిడే. అది ఎక్కువై వీడు కండక్టరయ్యాడని ఇంట్లో పాత జోకు. ఈసారి మాత్రం నాలుక మండిందే గానీ మాట రాలేదు. దెబ్బ తగిలింది నాలుక్కి కాదు కదా.

స్పీచ్ థెరపిస్ట్ చిన్న పిల్ల, మా అమ్మాయి ఈడుది. నా "రైట్" విని నవ్వలేదు. పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ చూసిన ఒక రోగి ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడనీ, 1861లో అతను పోయాక మెదడు తీసి చూస్తే ఎడమ వైపు ముందు భాగం చెడిపోయి కనిపించిందనీ చెప్పింది. నాలాంటివాడు అన్నేళ్ల కిందటే ఒకడున్నాడని వింటే, ఎందుకో కొంచెం టెన్షన్ తగ్గింది.

ఇంకోరోజు ఆ అమ్మాయి నా రూటేదో కనుక్కుని, "సికింద్రాబాద్, ప్యారడైజ్..." అని ఆగింది. నా నోట్లోంచి బోయిన్‌పల్లి, బాలానగర్, కూకట్‌పల్లి, మియాపూర్, చందానగర్ అంటూ వరసపెట్టి వచ్చేశాయి. పటాన్‌చెరు దాకా ఆగలేదు. మా ఆవిడ ఏడ్చేసింది. "సరే అంకుల్, మియాపూర్ ముందు ఏ స్టాపు?" అని అడిగింది థెరపిస్ట్. నోరు తెరుచుకుని కూర్చున్నా. మళ్లీ ప్యారడైజ్ దగ్గర ఎక్కి అక్కడిదాకా రావాల్సిందే. అంకెలు, వారాల పేర్లు, భజనలు, తిట్లు ఇలా నోటికి అలవాటైనవి వాటంతటవే దొర్లుకొస్తాయట. కావాల్సిన మాటను కావాల్సినప్పుడు తీయడం వేరే పనట. తిట్ల విషయంలో మా బావమరిది సాక్షి.

భజన పాడగలిగేవాణ్ని కాబట్టి రాగంతో మొదలుపెట్టారు. ఎడమ చేత్తో బల్ల మీద తడుతూ "నీ...ళ్లు కా...వాలి" అని సాగదీయడం. 1973లో బోస్టన్ వాళ్లు పెట్టిన పద్ధతి ఇది. నాకు కొన్ని వాక్యాలు దీంతోనే కూడొచ్చాయి. పక్కింటివాళ్లు వింటున్నారని సిగ్గేసేది, అది వేరే సంగతి.

అంకెలు తెలుగులో కంటే ఉర్దూలో ముందొచ్చాయి. "యాభై" కోసం తడుముకుంటుంటే "పచాస్" ఊడిపడేది. మన నిమ్స్ డాక్టర్లు 608 మంది స్ట్రోక్ రోగుల వివరాలు పరిశీలించి 2016లో ప్రచురించారు. స్ట్రోక్ తర్వాత కూడా ఆలోచన, జ్ఞాపకం మామూలుగా ఉన్నవాళ్లు ఒక భాషవాళ్లలో కంటే రెండు భాషలవాళ్లలో దాదాపు రెట్టింపు మంది. మాట పోవడంలో మాత్రం తేడా లేదు, ఒక భాషవాళ్లకైనా రెండు భాషలవాళ్లకైనా ఒకటే.

నన్ను బాగా కుంగదీసింది ఒక ఆస్పత్రిలో అన్న మాట. ఆరు నెలల్లో వచ్చిందే మాటట, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దట. ఆరు నెలలు దగ్గరపడేకొద్దీ పరీక్ష తప్పబోయే పిల్లాడిలా అయ్యాను. మా అమ్మాయి వెతికితే 2017 నాటి జర్మనీ పరిశోధన దొరికింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దాటినవాళ్లనే తీసుకున్నారు. వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాలు థెరపీ ఇస్తే, రోజువారీ మాటల్లో మెరుగుదల కనిపించింది. థెరపీకి తమ వంతు కోసం ఆగినవాళ్లలో ఆ మెరుగుదల లేదు. మొదట్లో త్వరగా వస్తుందన్నది నిజమే గానీ తర్వాత తలుపేమీ మూసేయరు.

పది గంటల థెరపీకి డబ్బెక్కడిది? అందుకని ఇంట్లోనే మొదలుపెట్టాం. నాకు పనికొచ్చే మాటల్ని నేనే ఎంచుకున్నా: చిల్లర, పింఛను, బీపీ మాత్ర, మనవరాలి పేరు. ఫోన్లో బొమ్మ చూసి చెప్పడం. మాటలు వచ్చాయి. అయితే చాయ్ హోటల్లో పాత దోస్తులతో కూర్చుంటే మళ్లీ గుటకలే. బ్రిటన్‌లో 2019లో కంప్యూటర్ సాధన మీద వచ్చిన పరిశోధనలో కూడా ఇంతేనట, సాధన చేసిన మాటలు నిలిచాయి గానీ సంభాషణ మెరుగవలేదు. అది చదివాక మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసి, పాలవాడితో లెక్క నన్నే చూసుకోమంది. ఆయన ఓపికమంతుడు. నా వాక్యం పూర్తయ్యేదాకా క్యాన్ పట్టుకుని నిలబడేవాడు.

ఇప్పుడు ఎదురుగా ఉన్న మనిషితో నెట్టుకొస్తాను. ఫోన్లో కష్టమే. ఇది రాయడానికి కూడా చాలాకాలం పట్టింది, పోయిన అక్షరాలు అమ్మాయి పెట్టింది. సాయంత్రాలు మనవరాలితో జతల ఆట. ఒకే బొమ్మ రెండేసి కార్డులు, నా దగ్గరున్నదానికి జత తన దగ్గర ఉందా అని నోటితోనే అడగాలి, సైగ చేయకూడదు. జర్మనీలోనే 2001లో రోజుకు కనీసం మూడు గంటల చొప్పున పది రోజులు ఇలా ఆడించి చూశారు. మా ఇంట్లో అంపైర్ రెండో క్లాసు. దువ్వెన బొమ్మ వచ్చిందంటే నా చెయ్యి దానంతటదే తల మీదికి పోతుంది. "తాతా, చెయ్యి దించు!" అంటుంది. దించి, "త... తల... దువ్వేది" అంటాను. అది చెల్లదంటుంది తను, చెల్లుతుందంటాను నేను.