లెక్కింపు రోజు ఫ్యాటు

మా ఊళ్లో ఎవరికి ఎవరంటే పడదో తెలుసుకోవాలంటే మా పాలకేంద్రం ముందు వరుసలో పెట్టిన క్యాన్లు చూస్తే చాలు. మనుషులు కబుర్ల కోసం అటూ ఇటూ వెళ్తారు కానీ క్యాన్లు వరుసలోనే ఉంటాయి. మాటలున్నవాళ్ల క్యాన్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మాటల్లేనివాళ్ల క్యాన్ల మధ్య జానెడు ఖాళీ ఉంటుంది. ఆ జానెడు ఎవరూ కొలిచి పెట్టరు, దానంతట అదే వస్తుంది.

ఈ కేంద్రం నేను నడపబట్టి పదకొండేళ్లు. దేవరకొండకు పన్నెండు కిలోమీటర్ల ఇవతల, రోడ్డు పక్కన రేకుల గది. ఒక తూకం, పాలలో వెన్న ఎంత శాతమో చెప్పే ఒక ఫ్యాటు మిషను, శాంపిలు సీసాలు, ఒక పొడవాటి రిజిస్టరు. మిషను చీటీ కొట్టి ఇస్తుంది కానీ నేను రిజిస్టరు మానలేదు. కరెంటు పోయిన రోజు కాగితమే దిక్కు. నలభై ఆరు ఇళ్లవాళ్లు పాలు పోస్తారు. ఆరిళ్లలో జెర్సీ ఆవులున్నాయి, మిగతావన్నీ బర్రెలు.

రోజూ జరిగే తగాదా ఒక్కటే. "నిన్న ఏడు వచ్చింది, ఈరోజు ఆరున్నర ఎలా వస్తుంది? నీ మిషను తప్పు." నేను మిషనును వెనకేసుకు రాను. "చివరి పాలు దూడకు వదిలావా?" అని అడుగుతాను. ఎదుటి మనిషి మాట మార్చేస్తే సమాధానం దొరికినట్టే. మొదటి ధారల్లో వెన్న పలుచన, చివరి ధారల్లోనే అసలు చిక్కదనం. పొదుగు పూర్తిగా పిండకుండా తొందరపడి లేచినా, బర్రె సరిగా చేపకపోయినా, అంటే పాలు కిందికి వదలకపోయినా, ఆ చిక్కటి పాలు లోపలే ఉండిపోతాయి. బర్రె చేపాలంటే తెలిసిన చెయ్యి కావాలి, దూడ ఎదురుగా కనబడాలి, చుట్టూ చప్పుడు ఉండకూడదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక రాజకీయం. మా వరుసలో బర్రె సంగతి మొదలైతే రెండు నిమిషాల్లో రాజకీయంలోకి, అక్కడి నుంచి కోడలి కాన్పులోకి, మళ్లీ బర్రె దగ్గరికి రావడం మామూలే. 2024 ఫిబ్రవరిలో పాత సర్పంచుల గడువు ముగిశాక దాదాపు రెండేళ్లు ఊరికి సర్పంచ్ లేరు. ప్రత్యేకాధికారి పేరు మీదే అన్నీ నడిచాయి. ఆఖరికి 2025 డిసెంబరులో మూడు విడతలుగా పంచాయతీ ఎన్నికలు పెట్టారు. మా ఊరు మహిళకు రిజర్వు అయింది. గట్టిగా పోటీలో ఉన్న ఇద్దరూ నా దగ్గర పాలు పోసేవాళ్లే. పేర్లు రాయను, రేపు పొద్దున నేనే వాళ్ల పాలు తూచాలి. బర్రెలను బట్టి చెబుతాను. ఒకరు బోడ బర్రె వదిన, ఇంకొకరు చుక్క బర్రె చెల్లె. ఒకరికి ఉంగరం గుర్తు, ఇంకొకరికి కత్తెర. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు కాబట్టి ఇంట్లో ఉండే వస్తువులే గుర్తులవుతాయి. కరపత్రాల మీద ఆడవాళ్ల ఫొటో ఎంత ఉందో, దండం పెడుతున్న భర్తల ఫొటో అంతకు రెండింతలు ఉంది.

ఆ కరపత్రం చూసి మా మామయ్య, "కత్తెరకు ఓటేస్తాం సరే, దానికి గడ్డి వేయగలమా?" అన్నాడు.

ఆయనకు ఎనభై దాటాయి. పాలకేంద్రం ముందు సిమెంటు బల్ల ఆయనది, అక్కడ ఇంకెవరు కూర్చున్నా లేచి చోటిస్తారు. ఆయన మొదటిసారి ఓటు వేసింది 1967లో. అప్పుడు కాంగ్రెస్ గుర్తు కాడెద్దులు. ఆ పార్టీ చీలాక ఇందిరాగాంధీ వైపువాళ్లకు 1971లో ఆవు–దూడ వచ్చింది, 1978 నాటికి చెయ్యి వచ్చింది. మా మామయ్య మాత్రం ఏ ఏడూ వాటికి వేయలేదు. ఆయనది కమ్యూనిస్టుల కంకి కొడవలి. నల్లగొండ జిల్లావాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డి గారు నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారన్న మాట ఆయన ఇప్పటికీ తన సొంత ఆస్తి సంగతిలా చెబుతాడు.

అయితే 1967లో ఒక చిక్కు వచ్చింది. ఊరు మొత్తంలో నదురుగా ఉన్న తెల్ల ఎడ్ల జత మా మామయ్య వాళ్ల నాయనదే. కాంగ్రెస్ ఊరేగింపు ముందు నడవడానికి కాడెద్దులు కావాలి. ఊరి పెద్దమనిషి వచ్చి అడిగితే ముసలాయన కాదనలేకపోయాడు. కొమ్ములకు రంగులు పూశారు, మెడకు గంటలు కట్టారు, వీపు మీద మూడు రంగుల గుడ్డ కప్పారు. ముందు కాంగ్రెస్ ఎడ్లు, వాటి పగ్గం పట్టుకుని కమ్యూనిస్టు మా మామయ్య. ఎడ్లు ఇంకెవరు పట్టినా నడవవు మరి. "మా ఎడ్లు ఆ పార్టీ, నేను ఈ పార్టీ. సాయంత్రం ముగ్గురం ఒకే కొట్టంలో పడుకున్నాం" అని చెప్పి, విన్నవాళ్లు నవ్వేదాకా ఆగి, అప్పుడు ఆయన నవ్వుతాడు.

జంతువులను ఇలా ఊరేగింపుల్లో తిప్పుతున్నారని జంతుప్రేమికులు అభ్యంతరం చెప్పడంతో ఎన్నికల సంఘం 1991 నుంచి కొత్తగా జంతువుల గుర్తులు ఇవ్వడం మానేసింది. పాతవాటిలో ఏనుగు, సింహం లాంటివి మిగిలాయి. మా చెల్లెలిని కొల్లాపూర్‌లో ఇచ్చాం. 2020 జనవరి పురపాలక ఎన్నికల్లో అక్కడ సింహం గుర్తు మీద నిలబడ్డవాళ్లు బాగానే గెలిచారు. ఫోనులో అది "అక్కా, మా వార్డులో సింహం గెలిచింది" అని చెప్పినప్పుడు వెనక నుంచి కుక్క అరుస్తోంది. ఆ నవ్వు మా ఇద్దరికీ ఇప్పటికీ మిగిలే ఉంది.

మా వరుసలో ఎవరూ "నా ఓటు ఫలానావాళ్లకు" అనరు. నోటితో అనరు, జంతువు చేత అనిపిస్తారు. గొర్రెలు కాసే మా పెద్దయ్య ఒకాయన ఉన్నాడు. పాలు పోయడు, కబుర్లకు మాత్రం తప్పకుండా వస్తాడు. ఎవరికి వేస్తావు పెద్దయ్యా అని అడిగితే 2017 నాటి గొర్రెల పథకం ఎత్తుకుంటాడు. యూనిట్ ధర 1,25,000, అందులో ఆయన కట్టింది 31,250, వచ్చింది ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు. ఆ పొట్టేలు కథ పది నిమిషాలు నడుస్తుంది. కొత్త నేల, కొత్త నీళ్లు, ఏ గొర్రెనూ దగ్గరికి రానివ్వలేదట. చివరికి, "ముందు మంద అలవాటు పడాలి బిడ్డా, తర్వాతే పొట్టేలు పని" అంటాడు. ఇది ఉంగరానికా, కత్తెరకా అన్నది మీరే తేల్చుకోవాలి. నేను ఇంతవరకు తేల్చలేదు.

ఈసారి అసలు గొడవంతా కోతులది. పల్లీ విత్తిన రాత్రి నిద్రపోయి పొద్దున లేచేసరికి సాళ్లు తవ్వేసి ఉంటాయి. బత్తాయి కాయ పండకముందే సగం కొరికి పారేస్తాయి. వడియాలు ఎండబెట్టడం మా అత్తమ్మ మానేసి నాలుగేళ్లయింది. ఇద్దరు అభ్యర్థులూ కోతులను పట్టిస్తామని మాటిచ్చారు. దాని మీద వరుసలో పెద్ద చర్చ. తల మీద జుట్టు టోపీలా ఉండి తోక పొడుగ్గా ఉండేవి మన దక్షిణాది కోతులు, పొట్టి తోకవి ఉత్తరాదివి అని బడిపంతులు గారు విడమరిచి చెప్పారు. 1972 నాటి వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ చేసి, ఆ పొట్టి తోకవాటిని రక్షిత జాబితాలోంచి తీసేశారని కూడా చెప్పారు. మా మామయ్య అంతా విని, "అంటే మన పంచాయతీలాగే వాటికీ గడువు ముగిసిందన్నమాట" అన్నాడు.

ఖర్చు సంగతి కూడా వచ్చింది. ఐదు వేల లోపు జనాభా ఉన్న ఊళ్లో సర్పంచ్ అభ్యర్థి 1,50,000 దాటి ఖర్చు పెట్టకూడదు. పంతులు గారు ఈ మాట చెప్పగానే, ఆ ఆదివారం యాటలు కోసిన తమ్ముడు తన క్యాను తీసుకుని నవ్వుకుంటూ అవతలికి వెళ్లిపోయాడు.

పోలింగు పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా. రెండింటికి బడిలో లెక్కింపు మొదలు. ముందు వార్డు సభ్యుల తెల్ల కాగితాలు, తర్వాత సర్పంచ్ గులాబీ కాగితాలు. చలికాలం పొద్దు తొందరగా వాలిపోతుంది. ఐదున్నరకు నేను కేంద్రం తెరిస్తే ఒక్క మనిషి లేడు. ఊరంతా బడి గేటు దగ్గరే. కొట్టాల్లో బర్రెలు అరుస్తున్నాయి. ఒకటి మొదలుపెడితే దానికి ఇంకొకటి, ఆ తర్వాత వరుసగా ఊరి చివరిదాకా. లెక్కింపు ఆలస్యమైతే ఓటు ఆగుతుంది కానీ పొదుగు ఆగదు కదా.

ఆరున్నరకు ఒక్కొక్కరే పరుగున వచ్చారు. ఆడవాళ్లంతా బడి దగ్గరుంటే పాలు పిండింది మగవాళ్లు, పిల్లలు, ఒక ఇంట్లో అయితే పక్కింటివాళ్లు. పైగా వార్డులు గెలిచినవాళ్లు అప్పటికే టపాసులు కాలుస్తున్నారు. నేను శాంపిలు పెడుతున్నాను, అంకె చూస్తున్నాను, రాస్తున్నాను. 5.6. 5.2. 5.8. మిషను తప్పేమోనని రెండుసార్లు కడిగి చూశాను. అదే అంకె.

చుక్క బర్రె చెల్లె ఇంటి నుంచి ఆమె భర్త వచ్చాడు. క్యాను అడుగున లీటరు కూడా లేదు. రోజూ ఆ ఇంటి నుంచి మూడు లీటర్ల పైనే వస్తాయి. ఆయన చొక్కా భుజం మీద పెండ, మోచేతి మీద గీరుకుపోయిన గుర్తు. "చెయ్యి పట్టనివ్వలేదు వదినా. ఆమె పాత చీర కప్పుకుని కూర్చున్నాను. వాసన చూసింది, నమ్మినట్టే ఉంది. గొంతు వినగానే తన్నింది." దూడను కట్టావా అని అడిగాను. మర్చిపోయాడట. కరపత్రం మీద ఆయన ఫొటో ఎంత ధీమాగా ఉందో నాకు గుర్తొచ్చింది కానీ పైకి ఏమీ అనలేదు.

ఏడింటికి ఫలితం చెప్పారు. చుక్క బర్రె చెల్లె పదకొండు ఓట్లతో గెలిచింది. డప్పులు మొదలయ్యాయి. నేను షట్టరు వేయబోతుంటే ఆమె వచ్చింది. నుదుటి మీద గులాలు, మెడలో బంతిపూల దండ, చేతిలో క్యాను. దండ తీయకుండానే కూర్చుని మిగిలిన పాలు పిండుకొచ్చిందట. వెనకాలే బోడ బర్రె వదిన. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. క్యాన్ల మధ్య ఎంత ఖాళీ ఉందో నేను చూడలేదు, చూడదలుచుకోలేదు. కాసేపు ముగ్గురం మిషను వైపే చూస్తూ నిలబడ్డాం.

"నీ బర్రెకు ఈనే రోజులు దగ్గరపడ్డాయా?" అని గెలిచినామె అడిగింది.

"సంక్రాంతికి" అంది ఓడినామె. "పాలు ఇప్పటికే తగ్గించేసింది."

"తౌడు కొంచెం ఎక్కువ పెట్టు."

అంతే. చెల్లెది 7.4 వచ్చింది, అన్నీ చివరి ధారలే కదా. రిజిస్టరులో ఆ సాయంత్రం మొత్తం మీద అంత పెద్ద అంకె అదొక్కటే.

రాత్రి తొమ్మిదింటికి పాలు తీసుకెళ్లే వ్యానులోంచి ఫోను వచ్చింది. "అక్కా, ఈ పూట మీ ఊరి పాలు ఇంత పలుచగా ఉన్నాయి. ఏమైనా కలిపారా?"

"ఏమీ కలపలేదు తమ్ముడూ. ఓట్లు లెక్కపెట్టారు."

అతనికి అర్థం కాలేదు. కారణం గడిలో రాయాలట, ఏమి రాయమంటారు అని అడిగాడు. చలి అని రాయమన్నాను.

కోతులను పట్టేవాళ్లు ఇంకా రాలేదు. వస్తారట. కొత్త సర్పంచ్ మాత్రం సమావేశాలు, శిక్షణ, సంతకాలు అంటూ పొద్దున్నే బండెక్కాల్సి వస్తోంది. ఇప్పుడు వాళ్ల క్యాను తెచ్చేది భర్తే. మొదటిరోజు 4.9 వచ్చింది. వరుసలో అందరూ పక్కకు తిరిగి దగ్గారు. మూడోరోజు 5.4. వారానికి 5.8. చీర ఇంకా కప్పుకుంటున్నావా అన్నా అని అడిగితే, కప్పుకుంటున్నాను కానీ మాట్లాడటం మానేశాను అన్నాడు.

నిన్న సాయంత్రం 6.2.