వేరుశనగ గుళ్లలో బూజు విషం: గుప్పెడు శాంపిలుతో తేలదు

కృష్ణా, గోదావరి డెల్టాలో వేరుశనగ పండేది తక్కువ, తినేది ఎక్కువ. చిక్కీలకీ, గానుగలకీ, హోటళ్ల చట్నీలకీ కావలసిన గుళ్లు రాయలసీమ నుంచి లారీల్లో దిగుతాయి. అక్కడ కరకరలాడుతూ లారీ ఎక్కిన సరుకు ఇక్కడి ముసురులో మెత్తబడిపోతుంది. గుళ్లలో తేమ 7 శాతం లోపు ఉన్నంతకాలం భయం లేదు. 9 దాటిందంటే ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ బూజు లేస్తుంది, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. దానికి నచ్చే 25–35 డిగ్రీల వేడి మనకి ఏడాది పొడవునా దాదాపు ఉండేదే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ప్రకారం, ఇంకా శుభ్రం చేసి, వేయించి వాడబోయే గింజల్లో మొత్తం అఫ్లాటాక్సిన్ కిలోకు 15 మైక్రోగ్రాములు మించకూడదు. నేరుగా తినేవాటిలో 10. యూరప్‌లో నేరుగా తినే వేరుశనగకి 4 మాత్రమే, అందులోనూ బీ1 రకం 2 దాటకూడదు. అంకెలు అందరికీ నోటికి వచ్చు. ఆ అంకె ఏ శాంపిలు మీద తేలిందో అడిగేవాళ్లు తక్కువ.

లెక్క వేసి చూడండి. గింజ ఒకటి సుమారు అర గ్రాము. విషం అన్ని గుళ్లలో సమంగా ఉండదు, ఏ ఒక్కదాంట్లోనో కుప్పపడి ఉంటుంది. 10,000 గుళ్లలో ఒకే ఒక్కదాంట్లో 50 మైక్రోగ్రాములు ఉన్నాయనుకుందాం. 10,000 గుళ్లంటే 5 కిలోలు, కాబట్టి లాటు, అంటే మొత్తం సరుకు, సగటు కిలోకు 10 మైక్రోగ్రాములు. మీరు బస్తా మూతి విప్పి 200 గ్రాములు, అంటే 400 గుళ్లు తీసి ల్యాబుకి పంపారు. ఆ చెడ్డ గింజ అందులో పడే అవకాశం నూటికి నాలుగు. తక్కిన తొంభై ఆరు సార్లు రిపోర్టు సున్నా. పడిందంటే మాత్రం ఏకంగా 250! సరుకు అదే. ల్యాబు కాగితం మీద ‘కనిపించలేదు’ అని చూసి సంబరపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది.

అందుకే వేరుశనగకి అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 20 కిలోల శాంపిలు అడుగుతుంది. 100 బస్తాల లాటయితే ప్రతి బస్తా నుంచి 200 గ్రాములు, మూతి దగ్గర నుంచే కాదు, గొట్టం గుచ్చి నడిమి నుంచీ అడుగు నుంచీ కూడా తీయాలి. ఆ 20 కిలోలనూ మొత్తంగా మెత్తగా నూరాకే అందులోంచి పరీక్షకి కొంచెం తీసుకోవాలి. నూరకముందే విడదీస్తే చేసిన శ్రమంతా వృథా. శాంపిలును పాలిథిన్ కవరులో కట్టకండి, దారిలో చెమ్మ పట్టి బూజు పెరుగుతుంది. గుడ్డ సంచి మేలు.

బూజు ఎక్కువగా ఎక్కేది కాయ ఒలిచే చోట. గుళ్లు విరగకుండా ఉంటాయని కాయల మీద నీళ్లు చల్లి మిషనులో పోస్తారు, ఆ తడి గుళ్లనే గోతాల్లో కుక్కి కుట్టేస్తారు. తూకం కూడా కలిసొస్తుంది మరి. కొనేవాళ్లు లారీ దగ్గరే తేమ మీటరు పెట్టి, 7 దాటితే తిప్పి పంపడమో, వెంటనే ఆరబెట్టుకోవడమో చేయాలి. గోదాములో చెక్కల మీద పేర్చి, గోడకి రెండడుగులు ఎడంగా ఉంచండి. ముసురు పట్టిన రోజున గాలి కోసమని తలుపులు తెరవకండి, లోపలికొచ్చేది తేమే.

కొబ్బరిది వేరే తీరు. కోనసీమలో అంబాజీపేట వైపు ఎండబెట్టే చిప్పలు పగలగొట్టిన నాలుగు గంటల్లోపు ఎండకో పొయ్యికో చేరాలి, చివరికి తేమ 6 శాతానికి దిగాలి. 8కీ 12కీ మధ్య ఆగిపోయిన చిప్ప మీదే పసుపుపచ్చ బూజు కనిపిస్తుంది.

వేరుశనగ వేయిస్తే విషం పోతుందనుకుంటారు. కొంత తగ్గుతుంది, పోదు. నిజంగా పనిచేసేది ఏరివేత: ముడుచుకున్నవి, రంగు మారినవి, విరిగినవి, పుచ్చినవి. లేతగా వేయించి పొట్టు తీస్తే మచ్చలు ఇంకా బాగా కనిపిస్తాయి. కానీ ఏరేసిన గింజ ఎక్కడికి పోతుంది? చవకగా నూనె మిల్లుకి. రిఫైనింగులో క్షారం, రంగు తీసే మట్టి కలిసి నూనెలోంచి విషాన్ని చాలావరకు లాగేస్తాయి, గానుగ నూనెకి ఆ దశే లేదు. విషంలో ఎక్కువ భాగం నూనె తీయగా మిగిలే చెక్కలో ఉండిపోయి పశువుల కుడితిలోకీ, కోళ్ల దాణాలోకీ చేరుతుంది. కోతల తర్వాత మన చేలల్లో మేసే బాతులకైతే మరీ ప్రమాదం, బాతుపిల్లలు దీనికి తట్టుకోలేవు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చింది బూజు పట్టిన వేరుశనగ చెక్క తినే. అఫ్లాటాక్సిన్ బయటపడిందీ అప్పుడే.

గేదె తిన్న బీ1లో కొంత ఎమ్1 అనే మరో రకంగా మారి ఒకరోజు తిరక్కుండానే పాలల్లోకి వస్తుంది. పాలకి మన పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. అనుమానం వస్తే చెక్క మార్చండి, నాలుగైదు రోజుల్లో పాలు తేరుకుంటాయి. మిల్లువాళ్లు ఏరివేత గింజతో ఆడించిన చెక్కని మంచి చెక్కలో కలపకుండా విడిగా పెట్టి, దాణాకి అమ్మేముందు బీ1 పరీక్ష చేయించాలి. పరీక్షలో నెగ్గకపోతే దాన్ని ఎరువుకి పంపేయడమే.