తురహళ్ళిలో బందారు పొద

మాది మదనపల్లె. చిన్నప్పుడు మా నాయన ఏనుగు మల్లమ్మ కొండకి, అదే హార్స్‌లీ హిల్స్‌కి తీసుకెళ్ళి, 1859లో నాటిన నీలగిరి చెట్టు చూపించాడు. దానంత గొప్ప చెట్టు లోకంలో లేదనుకున్నాను.

ఇప్పుడు ఉండేది బెంగళూరులో. ఆదివారాలు తురహళ్ళి అడవికి వెళ్తాను. కనకపుర రోడ్డు దగ్గర, అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిన దాదాపు 600 ఎకరాల రిజర్వు అడవి అది. మొన్న నీలగిరి తోపులో ఎండాకు కాలితో పక్కకు తోశాను. కింద గట్టినేల, ఒక్క గడ్డిపోచ లేదు. నాలుగడుగుల అవతల, ఎండ పడేచోట బందారు పొద ఒకటి, ఈ నేలలో తనంతట తాను మొలిచే అడవి పొద, లేచింది. కాయలకి కాగితంలాంటి ఎర్రటి రెక్కలు. దాని మొదట్లో పచ్చగా గడ్డి!

కలపకి, కాగితం మిల్లులకి పనికొస్తుందని ఒకప్పుడు నీలగిరి విపరీతంగా నాటారు. భూమిలో నీళ్ళు తోడేస్తోందని 2017లో కర్ణాటక కొత్తగా నాటడం ఆపేసింది. ఉన్నవాటిని ఒక్కసారిగా కొట్టేస్తే మాత్రం కుదరదు. నరికిన మొదలు మళ్ళీ చిగురిస్తుంది, పైగా గుట్టవాలులో మట్టి వానకి కొట్టుకుపోతుంది. కొంచెం కొంచెంగా తీస్తూ, బందారులాంటివి పైకి రావడానికి చోటివ్వాలి. ఏళ్ళు పట్టే పని ఇది.

అక్కడే ఒకామె గడ్డి కోస్తోంది.

"ఎన్ని ఆవులక్కా?" అన్నాను కన్నడలో.

"రెండు సామీ," అంది తెలుగులో. "ఈ సైకిళ్ళొచ్చినాక ఆ వాలులో గడ్డే మొలవలేదు."

వెళ్ళి చూశాను. టైర్లు కోసిన చాలు జానెడు లోతుంది, వేళ్ళు బయటపడ్డాయి. మనసు చివుక్కుమంది. మా అబ్బాయి సైకిల్ తొక్కేదీ ఆ వాలులోనే.

2021లో ఇక్కడ ట్రీ పార్కు, అంటే అడవిలో దారులూ కట్టడాలూ వేసి జనానికి పార్కు, పెడతామన్నప్పుడు ఊరంతా వద్దని నిలబడింది, అది ఆగింది. చాలా మంచి పని జరిగింది. కానీ పార్కు వద్దన్న మనమే ఎక్కడపడితే అక్కడ కొత్త దారులు చేస్తే ఎలా? రెండావుల కోసం మోపు గడ్డి కోసుకునే ఆమెకి ఈ అడవి మీద నాకన్నా ఎక్కువ హక్కుందని నా నమ్మకం. నడక నేను రోడ్డు మీద కూడా నడవగలను.

ఇంటికొచ్చి మావాడికి ఫోన్‌లో ఆ వేళ్ళ ఫోటో చూపించాను. చాలాసేపు జూమ్ చేసి చూశాడు. "ఆ వాలులోకి ఇక పోను నాన్నా, పాత బండిదారిలోనే తొక్కుతా," అన్నాడు.